కారం లేని బాతు

ఆదివారం పొద్దున్నే మా ఆయన ఒక బాతును చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆత్మకూరు దారిలో, వరి కోసిన మళ్లలో బాతులు మేపేవాళ్లు దిగారట. వంటింటి గడప ముందు దాన్ని దించి, "పులుసు పెట్టు. ఈ ఒక్కసారికే," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన గుండెకు స్టెంటు వేసి ఏడాది కూడా కాలేదు. నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి, కొవ్వు జోలికి పోవద్దు అని డాక్టరు చెప్పినప్పుడు తల ఊపింది ఈయనే. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను వంట చేయడం లేదు, కాపలా కాస్తున్నాను. ఆయన కల్లూరు నుంచి బేతంచెర్లలోని మా బండల పాలిష్ మిల్లుకు పోతాడు. దారిలో ఏ హోటల్లో ఏం తింటాడో దేవుడికే తెలియాలి. చొక్కా ఉతికేటప్పుడు చేతి అంచు మీద ఎర్రటి మరక కనిపిస్తుంది. అడిగితే గొడవ. అడక్కపోతే భయం. అడిగీ అడిగీ నాకు ఓపిక అయిపోయింది.

పెళ్లయినప్పటి నుంచీ ఈయనకు ఒక అలవాటు. కంచం ముందు కూర్చోగానే, ముద్ద నోట్లో పెట్టకముందే "కారం తక్కువుండాది" అంటాడు. ఒకసారి మా అమ్మ పంతానికి పోయి కూరలో చేతికొద్దీ కారం పోసింది. కళ్ల నీళ్లు, ముక్కు నీళ్లు తుడుచుకుంటూ తిని, చివర్లో మళ్లీ అదే మాట అన్నాడు మహానుభావుడు. దానికి బదులు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

ఇప్పుడు తెల్లగా, చప్పగా ఏం చేసిపెట్టినా కంచం జరిపేస్తాడు. "పథ్యం కూడు నాకెందుకు? నేనేమన్నా మంచం పట్టినానా?" అంటాడు. పథ్యం తింటున్నాడంటే చూసిపోవడానికి బంధువులు బత్తాయిలు పట్టుకుని వస్తారని ఆయన దిగులు. అందుకే బాతు వచ్చిన ఆ రోజు నాకొక ఉపాయం తోచింది. సాయంత్రాలు బండి దగ్గర నూడుల్స్ ఇష్టంగా తినే మనిషి కదా, చైనీస్ అని పేరు పెడితే సరి. ఫోన్‌లో వెతికితే, బాతును తోలు తీసి అల్లంతో ఆవిరి మీద ఉడికించే పద్ధతి ఒకటి దొరికింది. నూనె చుక్క లేదు.

చికెన్ అంగడికి తీసుకుపోయి స్కిన్‌లెస్ చేసిమ్మంటే అంగడాయన నన్ను వింతగా చూశాడు. "స్కిన్‌లెస్ కోడికమ్మా. బాతుకు తోలు తీస్తే ఇంక తినేదానికి ఏముంటాది?"

"బతికేదానికి ఉంటాదిలే, తియ్యప్పా," అన్నాను.

ఇంటికొచ్చి, తోలు తీసిన చోట ఇంకా అంటుకున్న పసుపుపచ్చటి కొవ్వంతా కత్తితో గీకాను. ముక్కల్ని అల్లం వేసి ఒక పొంగు వచ్చేదాకా ఉడికించి, పైన తేలిన నెయ్యిలాంటిదాన్ని గరిటెతో తీసి పారేశాను. నడుము పట్టేసింది. సోయా సాస్‌లో ఉప్పు ఎక్కువని ఒక చెంచాడే తీసి నీళ్లు కలిపాను. వెల్లుల్లి, దంచిన మిరియాలు, ఉల్లికాడలు ముక్కలకు పట్టించి గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను ఇడ్లీ పాత్రలో దించాను. బాతు మాంసం ఒక పట్టాన ఉడకదు. మూత తీయడం, చూడడం, నీళ్లు పోయడం, మళ్లీ స్టూలు మీద కూలబడడం. అదే పని మధ్యాహ్నం దాకా.

రాగి సంగటి ముద్ద పెట్టి, పక్కన బాతు ముక్కలు, గిన్నెలో ముక్కల నుంచి దిగిన పలచటి రసం వడ్డించాను. "కారం తక్కువుండాది" అనగానే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. చైనాకు పోయి అడగమందామని.

ఆయన కంచం వైపు చూశాడు. సంగటి తుంచి ఆ రసంలో అద్దుకుని తిన్నాడు. ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను. తలెత్తకుండానే, "బాగుండాదిలే," అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ మాట కోసం చూశాను. తీరా వింటే సంతోషం రాలేదు, భయం వేసింది. కారం డబ్బా తెచ్చి ముందు పెట్టాను. "కావాలంటే రవ్వంత ఏసుకో."

"వద్దులే."

నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "ఏమైందప్పా? నిజం చెప్పు."

ఆయన వేళ్లతో సంగటి నలుపుతూ కూర్చున్నాడు. "నిన్న మిల్లుకాడ ఎడమ చెయ్యి లాగినట్లాయ. శానాసేపు బండల మీద కూచోనుంటి. ఎవరికీ చెప్పల్యా."

"మరి పొద్దున్నే బాతు కోసం అంత దూరం యాల పోతివి?"

"మళ్లా తింటానో లేదో అనిపించినాది."

ఈ ఒక్కసారికే అని ఆయన అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "ఒక రోజంతా నోరు మూసుకోని కూచుంటివా? నిన్నేం చేసినా పాపం లేదు!" అని అరుస్తూనే ఆటోకు ఫోన్ చేశాను. ఆయన చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. ఆసుపత్రిలో ఆ చేతిని పట్టుకుంటే అల్లం వాసన వచ్చింది.

గుండెలో ఇంకో రక్తనాళం మూసుకుపోతోందన్నారు. మళ్లీ స్టెంటు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు.

ఇంటికి వచ్చాక కూడా నేను ఇడ్లీ పాత్రే ఎక్కించాను. ఈసారి కోడి. ఆయన చిక్కిపోయి, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి పీట మీద కూర్చున్నాడు. కంచం ఆయన ముందు పెట్టి, గిన్నె కోసం లోపలికి వచ్చాను.

"కారం తక్కువుండాది," అని వెనక నుంచి వినిపించింది.

కంచంలో ఇంకా మెతుకు కూడా పడలేదు. నేను వంటగట్టు పట్టుకుని అక్కడే ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, గిన్నె తీసుకుపోయి, "తక్కువే. తిను," అన్నాను.