కొత్తగా కొన్న పాత గిటారు

నోవహు గిటారు తుక్కు సామాన్ల కుప్పలో దొరికిందట. మౌలాలిలోని వాళ్ల చర్చిలో ఆరాధన ముగిశాక, మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ ఆడవాళ్లు చెప్పుకునే మాట ఇది. తుక్కు కాదు, వాళ్ల నాన్న పోతూ పోతూ చేతిలో పెట్టిందని కొందరనేవారు. వరద నీళ్లలో నానిందని, అందుకే అలా మూలుగుతుందని ఇంకొందరు. ఎవరు ఎలా మొదలుపెట్టినా చివరికి వచ్చేది ఒక్కచోటికే. పాపం, ఫ్యాన్లకు వైండింగ్ చేసుకునేవాడు, కొత్తది కొనే తాహతు లేదు. పెళ్లాం మిషను కుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. గిటారు పేరెత్తితే చాలు, ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఆ పిల్ల డోరా. ఈ కథ ఆమె చెవిన పడడానికి చాలాకాలం పట్టింది, ఎందుకంటే ఆమె మెట్ల దగ్గర నిలబడే మనిషి కాదు. ఆఖరి ఆమేన్ కాగానే కొంగు సర్దుకుని గోడవారగా బయటపడేది. ఎవరైనా పలకరిస్తే నవ్వేది. ఆమెకు మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరి జాకెట్టు ఎక్కడ బిగుతైందో, ఏ పాటకు నోవహు కళ్లు మూసుకుంటాడో అన్నీ ఆమెకు తెలుసు.

గిటారు సంగతి సరే సరి. అది తుక్కులో దొరకలేదు. నోవహు ఏళ్ల తరబడి కోరుకుని, దుకాణంలో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న సరికొత్త గిటారు. రాంగోపాల్‌పేటలో అతని వైండింగ్ షాపుకే పార్సిలు వచ్చింది. పక్కనే స్కూటర్లకు, కార్లకు సొట్టలు తీసి రంగులేసే తిరుమల్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. అట్టపెట్టె తెరవగానే అతని మొహం మాడిపోయింది.

"గిదేందన్నా, మొత్తం గీకపోయి ఉన్నది. వాపస్ పంపు."

"గీకపోలే. గీకిండ్రు. పైసలు తీసుకొని గిట్ల చేసిస్తరు."

"ఎవలిస్తరు పైసలు?"

"నేనే ఇచ్చిన."

తిరుమల్ కాసేపు అతన్ని, కాసేపు గిటారును చూశాడు. "నా దగ్గరికి పాత బండి తెచ్చి కొత్తగ చెయ్యమంటరు. కొత్తదాన్ని పాతగ చేయించుకున్నోణ్ణి నిన్నే చూస్తున్న. ఒక్కమాట చెప్తే నేనే గీకిస్తుంటి గదనే, ఛాయ్ తాగిపిస్తే చాలు."

ఆ సాయంత్రం ఇంట్లో నోవహు దాన్ని మంచం మీద పడుకోబెట్టి, డోరాను పిలిచి చూపించాడు. వెలిసిపోయిన లేత నీలం రంగు. దగ్గరగా చూస్తే పాత పింగాణీ కప్పుకుండే సన్నని పగుళ్లు. కుడి మోచేయి ఆనే చోట నీలం పోయి, దాని కింది తెలుపూ పోయి, లోపలి కర్ర నున్నగా బయటపడింది. తెల్లటి మీటలు నెయ్యి రంగుకు తిరిగాయి. మెడ వెనక అరచేయి జారే మేర మెరుపు లేదు. అక్కడ చెయ్యి పెట్టి చూడమన్నాడు. పెట్టింది. అమ్మ కుట్టుమిషను చెక్క మీద అరచేయి ఆని ఆని అరిగిన చోటు గుర్తొచ్చింది. అది అలా కావడానికి అమ్మ బతుకంతా పట్టింది. ఇక్కడ ఎవరో కూర్చుని, వాయించేవాడి ఒళ్లు ఎక్కడెక్కడ తగులుతుందో ఆలోచించి ఆలోచించి, గరుకు కాగితంతో ఒక జీవితాన్ని రుద్ది పెట్టారు. మోసమే, కానీ ఎంత శ్రద్ధగా చేసిన మోసం.

వెనక్కి తిప్పి చూసింది. "ఈ గీతలేందండి?"

"బెల్టు బకిల్ రాసుకొని పడ్డయి. అంటే, పడ్డట్టు చేసిండ్రు."

"మీరు బెల్టే పెట్టుకోరు గదా."

నోవహు తన నడుము వైపు చూసుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

గిటారుకు ఉన్న తక్లీఫ్ ఒక్కటే, మూలుగు. తీగల కింద మూడు పికప్‌లుంటాయి. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన చిన్న డబ్బాలు. పైన మీటిన తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపేవి అవే. ఇంట్లో బుద్ధిగా ఉండే ఆ పికప్‌లు చర్చిలో ట్యూబులైట్లు, పాత ఫ్యాన్ రెగ్యులేటర్ల మధ్యకు వెళ్లేసరికి గుయ్‌మనేవి. పాట ఆపి అందరూ తలలు వంచితే ఆ గుయ్‌మనడం ఒక్కటే వినిపించేది. "నోవహు గారి గిటారు మనకంటే ముందే ప్రార్థన మొదలుపెట్టింది" అని పాస్టరయ్యగారు ఒకసారి అన్నారు కూడా. గీతలకు మూలుగు తోడయ్యాక మెట్ల మీద కథకు ఇక కొదవ లేదు.

పికప్‌లు మార్చాలా వద్దా అని నోవహు నెలల తరబడి ఆలోచించాడు. అన్నం దగ్గర అదే మాట.

"డబుల్ కాయిల్‌వి పెడితే మూలుగు పోతది. గొంతు సుత మారుతది. ఇప్పుడు గంట మోగినట్టుంటది. అప్పుడు గంటకు దుప్పటి కప్పినట్టుంటది."

"మరి పెట్టకుర్రి."

"మరి మూలుగు?"

"అయితే పెట్టుర్రి."

"నిన్ను అడుగుడు నాదే తప్పు" అని పప్పు ఇంకాస్త వేయించుకునేవాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బ్యూలా ఆంటీ ఎర్రటి జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. ఆమె రిటైరైన టీచరు, చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. కొలతలు ఇస్తున్నంతసేపూ కుర్చీలో ఉన్న గిటారునే చూసింది. చివరికి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"చూడమ్మా డోరా, మా సమాజం వాళ్లమంతా కలిసి నోవహుకి కొత్త గిటారు కొంటున్నాం. వచ్చే ఆదివారం అయ్యగారి చేత ఇప్పిస్తాం. అప్పటిదాకా అతనికి తెలియకూడదు. రంగొక్కటి నువ్వు చెప్పు."

డోరా చేతిలో టేపు ఆగిపోయింది. చర్చిలో ఎవరితోనూ రెండు మాటలు కలిపి మాట్లాడని మనిషి, ఆ రోజు ధైర్యం కూడదీసుకుంది.

"ఆంటీ, అది పాతది కాదు. కొత్తదే. పాతగ కనబడేటట్టు కావాలని చేయించుకున్నరు."

బ్యూలా ఆంటీ ఆమె తల మీద చెయ్యి వేసింది. "మా ఆయన కోటు మోచేతుల దగ్గర చిరిగిపోతే, అది ఫ్యాషనండీ అని స్కూల్లో అందరికీ నేనూ ఇలాగే చెప్పేదాన్ని. భర్త పరువు కాచుకోవాలనుకోవడంలో తప్పేం లేదమ్మా. మన ప్రిసిల్లమ్మ, ఆ వయసులో నొప్పి మోకాళ్లతోనే మేడ దిగొచ్చి, క్రిస్మస్ చీరకని దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టింది. ఈ ఏడు చీర లేకపోతే ఏం, ఆ అబ్బాయి పాట బాగుండాలి అంది. రంగు చెప్పు తల్లీ."

డోరా టేపు చుట్టి పక్కన పెట్టింది. ఒళ్లోని గుడ్డ వైపు చూసింది. "ఎరుపు" అనేసింది.

రహస్యం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. విని నోవహు పొరబోయేదాకా నవ్వాడు. "ఆంటీ కోటు కథ ఇంకోసారి చెప్పు" అని రెండోసారి నవ్వాడు. ప్రిసిల్లమ్మ చీర సంగతి దగ్గర నవ్వు ఆగింది. నీలం గిటారును ఒళ్లోకి తీసుకుని, వాయించకుండా ఊరికే పట్టుకున్నాడు.

"అంటే ఇగ దీన్ని చర్చిల వాయించనీకి లేదు."

"అయ్యగారికి చెప్పుర్రి."

"ఏమని? ఇంతమంది అడగకముందే వచ్చి ఇస్తే, నాకు అక్కర లేదు, నాది మీదానికంటే మంచిదని మైకుల చెప్పాల్నా? ఆ ముసలామె ముందల దీన్నెట్ల పట్టుకుంట?"

ఆదివారం వచ్చింది. రిబ్బను కట్టిన గిటారు అగ్నిమాపక బండిలా ఎర్రగా మెరుస్తూ వేదిక మీదికి వచ్చింది. నోవహు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. అక్కడికక్కడే వాయించమన్నారు. వాయించాడు. రేకు డబ్బా మీద గరిటె ఆడించినట్టుంది. దాని పికప్‌లు ఎంత నీరసమైనవంటే, వాటికి మూలుగే ఓపిక కూడా లేదు. ఆడవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని తృప్తిగా తలలూపారు. మూలుగు పోయిందిగా మరి.

డోరా అతని వేళ్లనే చూస్తోంది. పాట మధ్యలో, చరణానికీ చరణానికీ నడుమ అతని వేళ్లు చిన్నగా పరుగులు తీస్తాయి. ఆ పరుగుల కోసమే ఆమె ఆదివారాలు ఎదురుచూస్తుంది. ఆ రోజు వేళ్లు కదల్లేదు. తర్వాత మూడు నాలుగు రోజులు అతను ఏ గిటారూ ముట్టుకోలేదు. ఛాయ్ ఇస్తే తాగాడు, జోకు వేస్తే నవ్వాడు, అంతే.

శుక్రవారం టిఫిన్ బాక్సు ఇవ్వడానికి డోరా షాపుకు వెళ్లింది. అప్పుడే ఒకాయన పాత టేబుల్ ఫ్యానుతో వచ్చి ఉన్నాడు. "బాడీ మా అమ్మది, దాన్ని ముట్టుకోకు. లోపల నీ ఇష్టం" అని చెప్పి వెళ్లిపోయాడు. నోవహు మూత తీసి, కాలిపోయిన కాయిల్ పీకి, ఇంకో ఫ్యాను లోపలి మంచి కాయిల్ తీసి అందులో కూర్చోబెట్టాడు. ఈ షాపులో రోజూ జరిగేదే ఇది. వందసార్లు చూసిందే. డోరా టిఫిన్ మూత తీయబోయి ఆగింది.

"ఏమండీ, బాడీ వాళ్లది ఉండనీయుర్రి. లోపలి వైండింగ్ మనది ఎయ్యరాదా?"

"అదే చేస్తున్న గద."

"ఫ్యాను కాదు. ఎర్ర గిటారు."

నోవహు చేతిలో స్క్రూడ్రైవరు గాల్లోనే ఆగింది. పక్క షాపులోంచి తిరుమల్ గొంతు వినిపించింది. "వదిన ఇన్నేండ్లకు నోరు తెరిచింది, ఒక్కటే మాట, అది సుత పక్కా మాట. అన్నా, నీ షాపు ఆమెకిచ్చి నువ్వు మిషను కుట్టుకో."

శనివారం షాపు బల్ల మీద రెండు గిటార్లూ తీగలు ఊడదీసుకుని పక్కపక్కన పడుకున్నాయి. నీలందాని పికప్‌లు ఎర్రదాంట్లోకి మారాలి. మూలుగు సంగతి కూడా తేల్చాలి, లేకపోతే నీలందాని గొంతుతో పాటు దాని గుయ్‌మనడం కూడా ఎర్రదాంట్లోకి వచ్చేస్తుంది. లైట్ల, ఫ్యాన్ల గోల లోపలికి రాకుండా ఎర్ర గిటారు కడుపులో నోవహు పలచని రాగి రేకు పరిచాడు. తర్వాత, తన చేతికి లొంగుతుందో లేదోనని ఇన్నాళ్లూ జంకిన పని మొదలుపెట్టాడు. మధ్య పికప్ అయస్కాంతాల దిక్కు మార్చి, తీగ ఎదురు దిశలో చుడితే, అది పక్కదానితో కలిసి మోగినప్పుడు రెండింటి మూలుగూ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పికప్ కొత్తది కొననక్కర లేదు, గొంతు పోనక్కర లేదు. చుట్టేటప్పుడు తెగకుండా ఉంటే చాలు.

తెగింది. మోటారు తీగలకు అలవాటైన చేతికి ఆ తీగ ఉన్నట్టే తెలియదు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తెగింది. నోవహు నుదుటి మీద చెమట చూసి డోరా బల్ల అటువైపు స్టూలు లాక్కుంది.

"నేను పట్టుకుంట. మీరు తిప్పుర్రి."

పట్టుదారం ఎంత లాగితే ఆగుతుందో, ఎంత వదిలితే చిక్కుపడుతుందో ఆమె వేళ్లకు తెలుసు. తీగ ఆమె రెండు వేళ్ల మధ్య నుంచి జారుతూ పోయింది. నోవహు చుట్లు లెక్కపెట్టాడు. పక్క షాపులో తిరుమల్ సుత్తి దెబ్బలు ఆపేశాడు. చుట్టడం అయ్యేసరికి ఎండ గుమ్మం దాటి వెళ్లిపోయింది. తీగలు బిగించి, చిన్న స్పీకరుకు తగిలించి, మీటి, నోవహు చెవి దగ్గరగా వంచి విన్నాడు.

"మధ్యదాని గొంతు జెర మారింది."

డోరా స్టూలు మీంచి లేచింది.

"మంచిగనే మారింది" అన్నాడు. అతని వేళ్లు ఆ చిన్న పరుగు తీశాయి.

నీలం గిటారు కడుపు ఖాళీగా మిగిలింది. ఎర్రదాని పికప్‌లు డబ్బాలో పడేయబోతుంటే డోరా చెయ్యి అడ్డం పెట్టింది. "వాటిని దీంట్ల పెట్టుర్రి. నోరు లేకుండ చేయకుర్రి." పెట్టాడు.

మర్నాడు చర్చిలో మొదటి పాటకే మనుషులు తలలెత్తారు. గంట మోగినట్టుంది. చరణానికీ చరణానికీ మధ్య వేళ్లు పరిగెత్తాయి, నోవహు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనకు తలలు వంచినప్పుడు అందరూ అలవాటుగా మూలుగు కోసం చెవులు రిక్కించారు. దోమ రొదంత ఉందేమో, ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయింది.

బయట మెట్ల మీద బ్యూలా ఆంటీ అందరికీ వివరించింది. "పోయిన వారం కొత్తలో కాస్త బిగుసుకుని ఉంది. వారమంతా ప్రార్థన చేశాం. చూశారా, ఎలా విచ్చుకుందో."

ప్రిసిల్లమ్మ కర్ర మీద ఆనుకుని నోవహు చెయ్యి పట్టుకుంది. "నా చీర పాడిందిరా నాయనా ఇవాళ."

"అవునమ్మమ్మా, నీ చీరనే" అన్నాడు నోవహు. అందులో అబద్ధం ఎంతుందో డోరా లెక్క చూడబోయి, అంతగా లేదనిపించి మానేసింది. ఆ రోజు ఆమె మెట్ల దగ్గర కాసేపు నిలబడింది.

మెట్ల మీద కథ ఇప్పుడు కొంచెం పెరిగింది. వాళ్ల నాన్న గిటారును నోవహు పారేయలేక ఆయన ఫోటో పక్కన గోడకు తగిలించాడట, రోజూ దండ మారుస్తాడట, ఆ మూలుగు ఇంట్లో వినిపించడం మానేశాక డోరా మొహం తేటపడిందట.

నీలం గిటారు గోడకు లేదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు డోరా కుట్టే గుడ్డను మిషను మీద అలాగే వదిలేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని వాయించుకుంటుంది. ఒక పాట సగం దాకా వచ్చింది.