రాజోలు గొడ్డలి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ‘తెలియదు’ అనే మాట నా నోట విన్నట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. (ఇప్పుడు మా ఆవిడనడిగితే ఇంకోలా చెబుతుంది, అది వేరే సంగతి.) ఆ తెలివితోనే ఎనభైల మొదట్లో కోనసీమ నుంచి కువైట్ వెళ్లి, ఖైతాన్‌లో ఒక ఇనప సామాన్ల కొట్లో చేరాను. వీసా తెప్పించింది అక్కడే పనిచేస్తున్న మా బావ. కొట్టు యజమాని, అంటే మా కఫీల్, డెబ్బై దాటిన పెద్దమనిషి. వయసులో ఉండగా పడవల మీద బొంబాయి దాకా తిరిగినవాడు కాబట్టి మాతో హిందీలోనే మాట్లాడేవాడు. నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, కాగితాల మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టకపోతే నెలాఖరుకి నేను తిరుగు విమానం ఎక్కాలి. వీధి వీధంతా సాగనంపితే వచ్చినవాణ్ణి, మళ్లీ ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తలుచుకుంటేనే చెమటలు పట్టేవి.

ఒకరోజు ఆయన తుప్పుపట్టిన చిన్న గొడ్డలి పట్టుకొచ్చాడు. పిడి లేదు, ఇనుము మాత్రమే. తనకి ఎనిమిదేళ్లప్పుడు ఇండియా నుంచి గొడ్డలి తెమ్మని అడిగితే, పడవ దిగివచ్చిన తండ్రి ఇది చేతిలో పెట్టాడట. ఏ ఊళ్లో చేసిందో మాత్రం చెప్పకుండానే పోయాడట. ఇప్పుడు మనవడికిస్తూ ఆ ఊరి పేరు చెప్పాలని ఆయన ముచ్చట. మా బావ నా కాలు తొక్కాడు. నేను లెక్కచేయలేదు. తిప్పి చూస్తే తుప్పు మధ్య గుండ్రంగా ఒక అక్షరం, దాని నెత్తిన తలకట్టు. సాక్షాత్తూ మన ‘ర’. ఇది మా తెలుగు అక్షరమనీ, ‘ర’ అంటే రాజోలనీ, రాజోలు కమ్మరుల పనితనం ఎప్పటినుంచో పేరుమోసిందనీ (ఆ పేరు అప్పటికప్పుడు నేనే మోయించాను) గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. పెద్దాయన కళ్లు చెమర్చాయి. “రాజోల్, రాజోల్” అని రెండుసార్లు అనుకుని, శుభ్రంచేసి పిడి వేసిస్తే మర్నాడే సంతకం పెడతానన్నాడు.

మర్నాడు పొద్దున్నే కిరసనాయిలు పోసి తీగ బ్రష్షుతో రుద్దాను. నాలుగు రుద్దులకి తలకట్టు ఊడి కిందపడింది. అది తుప్పు పెచ్చు. మిగిలింది ఉత్త సున్నా. ఇంకాస్త రుద్దితే పక్కన అరబ్బీ అక్షరాలు బయటపడ్డాయి. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవగలిగే బావని పిలిచాను.

“ఒరేయ్, ఈళ్ల అయిదంకె సున్నాలాగే ఉంటాది. అది సైజు. పక్కనేమో కువైట్‌లో చేసిందని రాసుంది. నీ రాజోలు ఈ పక్కసందులోనే ఉందిరా,” అన్నాడు బావ.

గ్రైండర్ మీద పెట్టి ఆ అక్షరాలు అరగదీసెయ్యమనీ, ఇఖామా చేతికొచ్చాక తీరిగ్గా నిజం చెప్పుకోవచ్చనీ సలహా కూడా ఇచ్చాడు. నేను ఆ పని చెయ్యలేదు. నిజాయితీ అనుకునేరు, ఆ రోజు గ్రైండర్ చెడిపోయింది. మధ్యాహ్నానికి పెద్దాయన రానే వచ్చాడు. గొడ్డలి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

“నాకు తెలియదు బాబా. తెలుసని అబద్ధం చెప్పాను,” అన్నాను.

ఆయన గొడ్డలిని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. నేను మనసులో సగం పెట్టె సర్దేసుకున్నాను. ఇంతలో ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

“మా నాన్న మర్చిపోయాడన్నమాట. మర్చిపోయి, ఇంటికొచ్చే దారిలో ఇక్కడే కొన్నాడు. పోయేదాకా చెప్పలేదు చూడు,” అన్నాడు.

కళ్లు తుడుచుకుని నా కాగితాలు తెమ్మన్నాడు. సంతకం పెడుతూ, మనవడికి మాత్రం రాజోల్ అనే చెబుతాననీ, నన్ను అడ్డురావద్దనీ అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ ఇఖామా వచ్చినందుకు కాదంటే మీరు నమ్మరు.

కొన్నేళ్లకి మా అమ్మాయి కళ్లు మూసి తెరిచే బొమ్మ తెమ్మని ఉత్తరం రాసింది. సెలవుకి ఇంటికొస్తుంటే నా పెట్టెల్లో అది తప్ప అన్నీ ఉన్నాయి. రాజమండ్రిలో రైలు దిగి, మెయిన్ రోడ్డులో ఒకటి కొని, ధర చీటీ గోటితో గీకేసి ఇచ్చాను. మా అమ్మాయికిప్పుడు నలభై దాటాయి. వాళ్లింటి అద్దాల బీరువాలో అది ఇప్పటికీ ‘నాన్న కువైట్ నుంచి తెచ్చిన బొమ్మ’. మొన్న మనవరాలు దాన్ని తిరగేసి కింద ఏదో రాసుందే అని చదవబోతుంటే, తాతకి అర్జెంటుగా కాఫీ కావాలని చెప్పి వంటింట్లోకి పంపించాను.