వంతెన బిడ్డను అడిగిందట

మా ఊరి ఏటి మీద వంతెన లేచింది నా చిన్నప్పుడే. ఆ యేడు వరదకు ఒక స్తంభం ఒరిగిపోయింది. పునాదిలో పసిబిడ్డను పూడిస్తేగాని అది నిలవదని, అందుకే కూలీలు పిల్లలను ఎత్తుకుపోతున్నారని పుకారు లేచింది. గోరంత మాట కొండంత కావడానికి మా వీధి అరుగులు చాలు. ఆ కూలీలు కర్ణాటక వైపు వాళ్ళు. మాట మనది కాదు కనుక దొంగలే అయ్యుంటారని మా పెద్దలు తేల్చేశారు.

ఏటి నీళ్ళు ఇంకా బురదగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆ కూలీలలో ఒకామె, ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, నీరు కొడ్రి" అంటూ నీళ్ళకోసం దోసిలి పట్టింది. మా అమ్మ నన్ను లోపలికి లాగి ధడాలున తలుపు వేసింది.

మా అవ్వ చేను నుంచి వచ్చి సంగతి విన్నది. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"నేను, మీ మామ వేరే ఊరికి చెరువు కట్ట పనులకు పోతే ఆడ మమ్ముల గూడ పిల్లల దొంగలనే అన్నరు. గుక్కెడు నీళ్లియ్యలే. ఇయ్యాల నా ఇంట్లనే గిట్లయ్యె" అంది అమ్మతో.

అవ్వ బిందె చంకనెత్తుకుని, నన్ను చేయి పట్టుకుని ఏటి ఒడ్డున గుడిసెల దగ్గరికి తీసుకుపోయింది. నేను అడుగడుగునా వెనక్కి చూస్తూ నడిచాను. బిడ్డను చాప మీద పడుకోబెట్టి ఆ తల్లి కొంగుతో విసురుతోంది. అవ్వ బిందె దించి, నన్ను ముందుకు నెట్టింది. "మా పిల్లను జర ఎత్తుకో బిడ్డా, ఊరోళ్లు సూడనీ" అంది ఆమెతో.

ఆమె గబుక్కున లేచి వెనక్కి జరిగింది. "బేడ అవ్వా, బేడ" అంటూ రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. వద్దంటోందని ఆ చేతులను చూస్తేనే తెలిసింది. నన్ను ముట్టుకుంటే ఊరు ఏం చేస్తుందోనని ఆమె భయం. ఆరేళ్ళ పిల్లను నేను. నన్ను చూసి ఒక తల్లి వణికింది. నా చెవులు వేడెక్కాయి. అది సిగ్గని అప్పుడు నాకు తెలియదు. అవ్వ నీళ్ళు పడితే బిడ్డ మాత్రం గటగటా తాగాడు.

వంతెన నిలిచింది. దాని కింద పసిబిడ్డ ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ ఇంటి బిడ్డ అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

మొన్న ఫోన్లో పిల్లల దొంగలొచ్చారని చూసి, దుప్పట్లమ్మే ఒకామె రాగానే మా కోడలు గేటు వేసింది. నేను వెళ్ళి తీశాను. ఆమె నా మనవరాలిని చూసి నవ్వింది గానీ, చేతులు మాత్రం కొంగులోకి లాక్కుంది. ఇన్నేళ్ళయినా మా పిల్లల ముందు ఆడమనిషి చేతులు దాచుకోవలసి వస్తోంది. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.