ఓటు లేని ముగ్గురి మద్దతు

ఆ రోజుల్లో మదనపల్లె పట్టణం మా అభిప్రాయం కోసం ఎదురుచూస్తోందని మేం గట్టిగా నమ్మేవాళ్లం. (ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. చేతిలో సెల్‌ఫోనూ, అందులో వాట్సాప్ గ్రూపూ ఉన్న కాలమే. నెత్తిమీద జుట్టు మాత్రం ఇప్పటికన్నా కాస్త ఎక్కువ.) బస్టాండు వెనక ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం ముగ్గురం. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పే మా లీడరన్నది పుంగనూరు. హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో పనిచేస్తూ సెలవు దొరికినప్పుడల్లా కొండ దిగి వచ్చే కొండప్పది గుర్రంకొండ (అసలు పేరు వేరు, కొండ మీద పని కాబట్టి కొండప్ప అయ్యాడు). నాది కుప్పం. ఒక కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగి సర్దే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఈ ముగ్గురం కలిసి ఒక వేదిక పెట్టాం. దాని పేరు ఇప్పుడు చెబితే మా ఆవిడ కూడా నవ్వుతుంది, కాబట్టి చెప్పను.

మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. డబ్బుకూ కులానికీ లొంగని అభ్యుదయ అభ్యర్థులను వెదికి, వాళ్లకు బహిరంగంగా మద్దతు ప్రకటించాలని తీర్మానం చేసుకున్నాం. తీర్మానం అయ్యాక లీడరన్న గదిలో అటూ ఇటూ నడుస్తూ, "ఇది మామూలు విషయం కాదప్పా, సరిత్ర అడుగుతుంది మనల్ని" అన్నాడు. కొండప్ప భయపడి, ఏమడుగుతుందన్నా అన్నాడు.

మొదట వెళ్లింది నేతవాళ్ల వీధులున్న వార్డుకు. అది మహిళలకు కేటాయించిన సీటు. పెద్ద పార్టీ అభ్యర్థి ఇంటికి వెళితే ఆమె భర్త వరండాలో కూర్చుని ఉన్నాడు. మహిళా సాధికారత మీద మీ అభిప్రాయమేమిటని లీడరన్న లోపలివైపు చూస్తూ అడిగాడు. "మా ఆమె అభిప్రాయం నేను సెప్తాను, కూసోండి" అన్నాడాయన. అభ్యర్థి వచ్చి మాకు టీ ఇచ్చి వెళ్లిపోయింది. టీ బాగుంది, కానీ మద్దతు ఇవ్వడానికి అది చాలదని బయటికి వచ్చాక తీర్మానించాం.

రెండో అభ్యర్థి ఇండిపెండెంటు. నలభై దాటిన పట్టు నేతగత్తె, వీధిలో అందరూ మగ్గమక్క అంటారు. మేం వెళ్లేసరికి మగ్గం మీద ఉంది. గుంట మగ్గం అంటే తెలియనివాళ్లకు చెబుతాను: నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. ఆ వీధికి మురుగు కాలువ లేదు. గట్టి వాన పడితే వీధిలోని నీళ్లన్నీ గడప దాటి ఆ గుంటల్లోకే దిగుతాయి. అంతకుముందు వానాకాలం ఆమె మగ్గం మీదున్న పెళ్లి చీర పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, తడిసి పాడైంది. గుంట ఆరేదాకా మగ్గం లేదు, మగ్గం లేకపోతే ఇంట్లో పొయ్యి కష్టం. వీధి వీధంతా అదే కథ. ఆమె పోటీ చేస్తున్నది ఆ కాలువ కోసం. ఇంకే కారణమూ లేదు.

లీడరన్న గొంతు సవరించుకుని, రాత్రుళ్లు మేలుకుని రాసిన మద్దతు ప్రకటన తీశాడు. "సదువప్పా, ఇంటాండాను" అంది అక్క, చేతులు ఆపకుండానే. లీడరన్న చదివాడు. ప్రజాస్వామిక చైతన్యం, లింగ సమానత్వం, మౌలిక వసతుల సమగ్ర వికాసం, అన్నీ ఉన్నాయి అందులో. మగ్గం చప్పుడుకు సగం మాటలు మాకే వినపడలేదు.

అంతా అయ్యాక ఆమె, "బాగుండాది. కాలవ మాట యాడుండాది దీంట్లో?" అని అడిగింది.

"మౌలిక వసతుల సమగ్ర వికాసం అంటే అదేనక్కా" అన్నాడు లీడరన్న.

"అట్లయితే కాలవ అనే రాయకూడదా అప్పా? ఈ వీధిలో అందరికీ తెలిసిన మాట కదా."

లీడరన్న మొహం చూసి నేను కల్పించుకుని, ఈ ప్రకటన ఫేస్‌బుక్‌లో పెడితే అప్పుడే చాలామంది లైకులు కొట్టారని చెప్పాను. (వాళ్లలో ఎక్కువమంది బెంగుళూరులో ఉండే మా స్నేహితులు. ఒకాయన దుబాయి.) ఆమె తల ఊపి, మామూలుగా అడిగింది. "సరేప్పా, మీ ముగ్గురి ఓట్లు ఏ వీధిలో ఉండాయి?"

ఆ ప్రశ్న మా తీర్మానాల్లో ఎక్కడా రాలేదు. నాది కుప్పం అని నేను, గుర్రంకొండ అని కొండప్ప, చివరకు పుంగనూరు అని లీడరన్న, ఒకరి తర్వాత ఒకరం నేల చూస్తూ చెప్పాం. ఉద్యోగం ఇక్కడ, గది ఇక్కడ, మాట్లాడేదంతా ఈ ఊరి గురించి. ఓటు మాత్రం ఎవడి ఊళ్లో వాడిది. అప్పుడు ఆగింది మగ్గం. "మద్దతిచ్చేదానికి ముగ్గురొచ్చినారు, ఓటేసేదానికి ఒక్కరూ లేరే!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు, అందుకే ఎక్కువ సిగ్గేసింది. "పోనీలే, నోరైనా ఉండాది కదా. రేపట్నించి నాతో రాండి" అంది.

ప్రచారం అంటే మైకూ, జెండాలూ, హారతులూ అనుకున్నాం. ఆ వీధుల్లో అదేం కుదరదు. నేసేవాళ్లు ఎవరొచ్చినా మగ్గం దిగరు. ఓటు అడగాలంటే మనమే లోపలికి వెళ్లాలి. అక్క పద్ధతి వేరు. ఇంట్లోకి వెళ్లి పడుగు పక్కన కూర్చునేది. ఎక్కడైనా పోగులు తెగి ఉంటే మాట్లాడుతూనే అతికేది. లేచేముందు, "కాలవ కోసం నిలబడుండాను, సూడండి" అనేది. అంతే. లీడరన్న మాత్రం గుమ్మంలో నిలబడి చప్పుడుకు పైన అరుస్తూ ఉపన్యసించేవాడు. ఒకావిడ, ఏం అమ్ముతాండారప్పా అని అడిగింది కూడా.

మూడో పూటో నాలుగో పూటో, ఒక ముసలాయన ఇంట్లో నా వంతు వచ్చింది. కరపత్రం చేతికిద్దామని రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగాను. కాలు గుంటలో పడింది. పట్టుకోవడానికి దొరికింది బిగించి ఉన్న పడుగే. పోగులు టపటపా తెగాయి. ముసలాయన మగ్గం ఆపి నన్ను కాసేపు నిదానంగా చూసి, "నాయనా, నిన్ను ఎదుటోళ్లు పంపించినారా ఏంది?" అన్నాడు. కొండప్ప నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంటి రోజులకు రోజుల కష్టం అది. అక్క నన్నొక్క మాట అనలేదు. పడుగు ముందు కూర్చుని ఒక్కొక్క పోగూ అతికింది. మధ్యాహ్నమైంది, ఎండ తగ్గింది, ఆమె లేవలేదు. చివరికి ముసలాయనే, "ఓటు నీకే లేమ్మా, ఇంక లెయ్యి" అన్నాడు. మా వేదిక ఆమెకు సంపాదించి పెట్టిన ఓటు నాకు తెలిసి అదొక్కటే.

ప్రచారం గడువు ముగిసిన సాయంత్రం అక్క ఇంటి ముందు నిలబడి ఉంటే కానిస్టేబుల్ వచ్చాడు. ఈ వార్డులో ఓటు లేనివాళ్లు ఇక్కడ ఉండకూడదట. "మీ ఓట్లు యాడ?" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పటికి మాకు బాగా అలవాటైంది, ముగ్గురం వరసగా చెప్పాం. "అయితే ఈడేం పని మీకు? పోండి పోండి" అని వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు. పోలింగు రోజంతా బస్టాండులో టీలు తాగుతూ కూర్చున్నాం. ఆ వైపు నుంచి ఎవరు వచ్చినా, వేలి మీద సిరా ఉందా అని చూడ్డమే పని.

ఆమె రెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

లెక్కింపు జరిగిన చోటు బయట ఆ మాట విన్నాం. కొండప్ప మెల్లగా, "అన్నా, మనం ముగ్గురం..." అని మొదలుపెట్టాడు. "నోరు ముయ్యి" అన్నాడు లీడరన్న. అక్క బయటికి వచ్చి, మా మొహాలు చూసి, మమ్మల్నే ఓదార్చింది. "మళ్లీ వస్తాయిలేప్పా ఎలక్షన్లు. వాన రాకుండా ఉంటే సాలు" అంది.

వాన రాకుండా ఉంటుందా. ఆ ఏడే వచ్చింది. ఫోనులో కబురు తెలిసి నేనూ లీడరన్నా బకెట్లు పట్టుకుని వెళ్లాం. కొండప్ప డ్యూటీ మధ్యలో కొండ దిగి వచ్చాడు. అక్క ఇంటి గుంటలో నడుములోతు బురదనీళ్లు. తోడి పోస్తే గడప దగ్గర మళ్లీ లోపలికే వస్తున్నాయి. గుంట అంచున కూర్చుని ఆమె, తడిసిన పడుగును ఒళ్లో పెట్టుకుని పోగులు వేళ్లతో విడదీస్తోంది. ఆమె ఏడవడం అప్పుడే చూశాను. లీడరన్న దగ్గర అప్పుడు ఒక్క పెద్ద మాటా లేదు. నీళ్లు తోడుతూనే ఉన్నాడు.

లీడరన్న ఇప్పుడు పుంగనూరులో స్థిరపడ్డాడు. కొండప్ప కొండ దిగడం తగ్గింది. నేను మాత్రం పెళ్లయ్యాక ఆ వార్డులోనే ఇల్లు అద్దెకు తీసుకుని, కుప్పం నుంచి ఓటు ఇక్కడికి మార్పించుకున్నాను. మా నాన్నకు కోపం వచ్చింది, ఊరితో సంబంధం తెంచుకున్నానని. ఎలా చెప్పను ఆయనకు, రెండు ఓట్ల సంగతి?

మళ్లీ ఎన్నికల మాట మొదలైంది, కాలువ మాత్రం ఇంకా రాలేదు. మొన్న ఆదివారం మగ్గమక్క మా గుమ్మంలోకి వచ్చింది. జుట్టు నెరిసింది, నడక నెమ్మదించింది, అడిగే పద్ధతి మాత్రం అదే. "ఏమప్పా, ఓటు యాడుండాది ఇప్పుడు?"

లోపలికి వెళ్లి ఓటరు కార్డు తెచ్చి చేతికిచ్చాను. వీధి పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. తిరిగిచ్చి, మెట్టు మీద తీరిగ్గా కూర్చుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"సరే, ఇప్పుడు సదువు నీ మద్దతు. ఆ పొద్దు మగ్గం సప్పుడులో సరిగ్గా ఇనలేదు."

కాగితాలు పట్టుకుని సరిత్ర అంటూ ఆ వీధంతా తిరిగిన కుర్రాళ్లు ముగ్గురూ నా కళ్ల ముందు మెదిలారు. నవ్వొచ్చింది, వాళ్ల మీద కాస్త జాలీ వేసింది. గొంతు సవరించుకుని, ఆమె ముందు నిలబడి, "కాలవ" అన్నాను.

"ఆ, బాగుండాది" అంది అక్క.