అరవై మూడు పాయింట్ రెండు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే అడ్డు తగిలి, టైమెంత, పక్కన ఎవరున్నారు, మీరు కళ్ళారా చూశారా అని ప్లీడరులా ప్రశ్నలు వేసేదాన్ని. పుట్టింట్లో నాకు మొండిఘటం అని పేరు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. దీన్ని ఏమనుకుంటారో మీ ఇష్టం.

కొత్తపేటకి దగ్గర్లో ఒక పల్లె మాది. మా మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తొంభైల మధ్యలో హైదరాబాదులోని కొందరు శాస్త్రవేత్తలు ఊరూరా మామూలు జనం చేత వాన కొలిపించే పని పెట్టుకున్నారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వర్షమాపకంలో ఎంత నీరు పడిందో కొలిచి పుస్తకంలో రాయాలి. నెలకోసారి ఆ లెక్క పోస్టులో పంపాలి. జీతం లేదు. మావయ్యగారు సంబరంగా ఒప్పుకున్నారు.

వర్షమాపకాన్ని మేం గేజీ అనేవాళ్ళం. దాని చుట్టూ చెట్లుండకూడదన్నారు. కోనసీమలో కొబ్బరి చెట్టు లేని జాగా ఎక్కడ దొరుకుతుంది? మట్టల మీంచి కారే నీరు కూడా గేజీలో పడితే లెక్క తప్పవుతుందని, పెరట్లో మంచి కాపు మీదున్న రెండు చెట్లు కొట్టించేశారు ఆయన. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. మావయ్యగారికి మతి పోయిందనే ఊళ్ళో అనుకున్నారు.

కొలవడం నాకూ నేర్పారు. గేజీలో నీటిని గీతలున్న గాజు గ్లాసులో పోసి, గట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కంటిని నీటి మట్టానికి సమానంగా ఉంచి చూడాలి. నిలబడి పైనుంచి చూస్తే అంకె ఎక్కువ కనిపిస్తుంది. చూసింది అప్పుడే రాయాలి, తీరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయకూడదు. చూడని రోజున "చూడలేదు" అని రాయాలి గాని సున్నా పెట్టకూడదు.

నేను తప్పు చదివితే తప్పని అనేవారు కాదు. నా వెనక నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకునేవారు. మొదటిది పొట్టిగా, రెండోది కాస్త సాగదీసి. నాకు ఒళ్ళు మండేది. మళ్ళీ చూస్తే తప్పు నాదే అయ్యేది, అప్పుడు ఇంకా మండేది.

ఎనిమిదేళ్ళు ఒక్క రోజు వదలకుండా రాసి మావయ్యగారు పోయారు. ఆయన పోయిన రోజు ఉదయం కూడా పుస్తకంలో అంకె ఉంది. అది నేను రాసింది. ఇంట్లో శవాన్ని పెట్టుకుని పెరట్లో గ్లాసు పట్టుకుందేమిటని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. ఏడుస్తూనే కొలిచాను.

ఆ తర్వాత పోస్టు పోయి వెబ్‌సైటు వచ్చింది. పోస్టులో వెళ్ళిన పాత లెక్కలన్నీ హైదరాబాదువాళ్ళే అందులో ఎక్కించారు. వారానికోసారి బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని అంకెలు ఎక్కించేదాన్ని.

మావయ్యగారు పోయిన మూడో ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున మా ఊరి మీద కుండపోతగా వాన కురిసింది. ఎనిమిదిన్నరకి తెరిపిచ్చింది. మా గ్లాసులో ఒకసారికి ఇరవై మిల్లీమీటర్లే పడతాయి. వాన ఎక్కువైతే నిండిన గ్లాసుని బకెట్లో ఒంపుకుంటూ, ఎన్నిసార్లు నిండిందో లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు పొయ్యి మీద పాలున్నాయి, వీధిలోంచి మా ఆయన కాఫీ అని కేకేస్తున్నారు. రెండు గ్లాసులు నిండాయి, ఆఖరి గ్లాసులో 3.2. మొత్తం 43.2 అని రాయబోయాను.

నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు. మొదటిది పొట్టిగా, రెండోది సాగదీసి.

తిరిగి చూశాను. పెరడు ఖాళీ. దొడ్డి తలుపు గడియ వేసే ఉంది. మా ఆయన ఇంకా వీధి అరుగు మీదే ఉన్నారు, కేక అక్కణ్ణుంచే వినబడుతోంది. చెబితే నమ్మరు, నాకు భయం వేయలేదు, పాత కోపమే వచ్చింది. ఆఖరి గ్లాసు కూడా బకెట్లో పోసి, మొత్తం మళ్ళీ కొలిచాను. మూడు గ్లాసులు నిండాయి. నాలుగోదాంట్లో 3.2. అంటే 63.2.

అదే రాశాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలకి హైదరాబాదు నుంచి ఒకాయన దిగారు. వెబ్‌సైటుకొచ్చే లెక్కల్లో తప్పులు పట్టడం ఆయన పని. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో రిజిస్టరు, సంచిలో సీసాలు. నేను 63.2 రాసిన రోజు మా దగ్గరి స్టేషన్లలో, మురమళ్ళలో చినుకు లేదట, అమలాపురంలో మూడు మిల్లీమీటర్లట.

"ఇది 3.2 అయ్యుంటుందండీ. ముందు ఆరు పొరపాటున పడింది. కొట్టేయండి, గొడవుండదు."

"ఊరంతా తడిసిందండీ. కావాలంటే అడగండి," అన్నాను.

"నోటిమాట లెక్కలోకి రాదు కదమ్మా. మీరు మార్చకపోతే ఈ స్టేషన్ నమ్మదగనిదని గుర్తు పెట్టాలి. అప్పుడు పదకొండేళ్ళ లెక్కా పక్కన పెట్టేస్తారు."

పదకొండేళ్ళు. అందులో ఎనిమిది మావయ్యగారివి. ఒక్క ఆరు కొట్టేస్తే అన్నీ మిగులుతాయి. అబద్ధమెందుకు, పెన్ను చేతిలోకి తీసుకున్నాను.

మా ఆయన గుమ్మంలోంచి అన్నారు: "మార్చకు. మా నాన్నగారు ఒక్కంకె మార్చి ఎరగరండి. మా ఆవిడ చూసిందంటే చూసినట్టేనండి. కావాలంటే మీరే పరీక్ష పెట్టుకోండి."

చెట్లు పోయాయని అలిగిన మనిషి నోట ఆ మాట విని పెన్ను కింద పెట్టేశాను.

హైదరాబాదాయన సీసాలో కొలిచి తెచ్చిన నీళ్ళని, ఎంతో నాకు చెప్పకుండా గేజీలో పోశారు. నేను గ్లాసులోకి తీసి, గట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. 18.4 అన్నాను.

ఆయన చీటీ తీసి చూసుకున్నారు. "నేను పోసింది 19 అండీ." నిలబడే కాస్త వంగి గ్లాసులోకి చూశారు. "ఇప్పుడూ 19 కనబడుతోంది." చిన్నగా నవ్వి, రిజిస్టరు తెరిచారు.

అప్పుడు వినబడింది. ఈసారి నా వెనక కాదు, ఆయన వెనక. రెండుసార్లు.

ఆయన గిరుక్కున తిరిగారు. "ఎవరండీ?" అన్నారు. అక్కడ ఎవరూ లేరు. మా ఆయన మాకు ఎదురుగా గుమ్మంలో ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ చప్పుడు ఎవరిదో ఆయనకి నేను చెప్పనక్కర్లేదు. "నాన్నగారూ" అని పెదవులు కదిలాయి.

"మళ్ళీ చూడమంటున్నారండీ. కింద కూర్చుని చూడండి," అన్నాను.

ఆ పెద్దమనిషి ఇస్త్రీ ప్యాంటుతో బురదలో మోకాళ్ళు ఆనించి, గ్లాసు ముందు కన్ను పెట్టి చాలాసేపు చూశారు. "పద్దెనిమిది పాయింట్ నాలుగు," అన్నారు నెమ్మదిగా. ఆఫీసులో సీసాకి కొలిచినప్పుడు కూడా నిలబడే చూశానని ఒప్పుకున్నారు.

నాకప్పుడు ఊరు ఊరంతా వినబడేలా కేక పెట్టాలనిపించింది. పెట్టలేదు గాని, అంతగా నా పెళ్ళినాడు కూడా గర్వపడలేదు.

ఆయన రిజిస్టరులో నా ఎదురుగానే రాశారు: 63.2 ఉంచాలి, స్టేషన్ నమ్మదగినది. రిమార్కుల గడిలో ఇంకో ముక్క చేర్చారు: "తప్పు చదివింది నేను. తప్పు పట్టింది ఎవరో తెలియదు." సంతకం పెట్టి కాఫీ తాగి వెళ్ళారు.

నెల తిరక్కుండా అమలాపురంలో వాన కొలవడానికి కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇమ్మని నన్నే పిలిచారు. పంచెలు, ప్యాంట్లు, పట్టుచీరలు అని చూడకుండా అందరినీ వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. అందులో కాలేజీ లెక్చరర్లు కూడా ఉన్నారు.

తర్వాత నేను చెయ్యగలిగిన విచారణంతా చేశాను. అవతలి పెరట్లో ఆ వేళ ఎవరూ లేరు. మట్టలు రాసుకున్నాయందామంటే అక్కడ చెట్లే లేవు. ఒక్కదాన్నే విని ఉంటే భ్రమ అనుకుని ఊరుకుందును. విన్నది ముగ్గురం, అందులో ఒకరు నన్ను తప్పు పట్టడానికే వచ్చిన మనిషి. ఆ రోజు తర్వాత మళ్ళీ వినబడలేదు. రెండుసార్లు కావాలనే నిలబడి తప్పు చదివి, చెవులు రిక్కించుకుని ఎదురుచూశాను కూడా. ఏమీ లేదు. కూర్చుని సరిగ్గా చూసి రాసుకున్నాను.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిచోట ఏదో ఒకటి రాయడం నాకు నేర్పలేదు. ఆ వెబ్‌సైటులో మాత్రం మావయ్యగారి ఎనిమిదేళ్ళూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కింద, నా అంకెల్లో, 63.2 ఉంది.