గుమ్మంలో చేపలావిడ, ఫోన్లో చేపలావిడ

నరసన్నపేటలో మా ఇంటికి వారానికి మూడు రోజులు ఒకావిడ చేపలు తెస్తుంది. శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డున ఉంటుంది ఆవిడ ఊరు. పొద్దున్నే షేర్ ఆటోలో బేసిను పెట్టుకుని దిగుతుంది. నేను బడికి బయల్దేరే లోపల మా గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూర్చుని, చేపలు కోస్తూ మా అత్తతో కబుర్లన్నీ అయ్యేదాకా కదలదు. నోరు పెద్దది. చేప బాగాలేదని ఎవరైనా అంటే ఆ చేప తరఫున వకీలులా వాదిస్తుంది. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. అందులో నంబరు కూడా మా అత్త చేతే నొక్కించుకుంటుంది. మా అత్తకి అదొక గొప్ప.

ఈవిడ యూట్యూబులో ఛానెల్ నడుపుతోందని నేనంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నాలుగు నెలలు నన్ను ఏడిపించారు.

ఆ ఛానెల్ నాకు చూపించింది మా బడిలో తోటి టీచరు. అందులో మనిషి ముఖం కనపడదు. రెండు చేతులు, ఒక కత్తిపీట, ఒక చేప, ఒక గొంతు. ఆ గొంతు వార్తలు చదివేవాళ్ళ గొంతంత శుద్ధంగా ఉంటుంది. "ప్రియమైన సోదరీమణులారా, చేప కన్ను ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి పోయిన కన్ను చూసి మోసపోకండి" అని మొదలవుతుంది. వంట సగమే. మిగతా సగం, చేపలమ్మేవాళ్ళు మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తారో చెప్పడం. పాత చేపల మీద కొత్తవి ఎలా పేరుస్తారు, మాటిమాటికీ నీళ్ళు ఎందుకు చల్లుతారు, మొప్ప ఎత్తి చూడబోతే మాటల్లో ఎలా పెడతారు, అన్నీ.

మూడో వీడియో చూస్తుంటే నాకు అనుమానం తగిలింది. ఆ చేతులు చేపని కోసేముందు దాని తోకని కత్తిపీట చెక్క మీద రెండుసార్లు కొట్టాయి. మా గుమ్మంలో ఆవిడా అంతే. ఎందుకు కొడుతుందో తెలియదు కానీ, కొట్టకుండా ఒక్క చేపనీ కోయదు. తర్వాతి వీడియోలో ఇంకో సాక్ష్యం దొరికింది. చందువా ముక్కలకి కారం పట్టిస్తూ "ఇప్పుడు మృదువుగా కలపాలి" అంటూండగా కాకి వచ్చినట్టుంది. ఆ శుద్ధమైన గొంతు చటుక్కున తెగి, "ఓలి దీని మొకం మండ, ఎల్లెహె" అంది. మళ్ళీ ఏమీ జరగనట్టు "మృదువుగా" దగ్గర అతుక్కుంది.

ఆ ముక్క మా ఆయనకి పదిసార్లు వినిపించాను. మా ఆయన విత్తనాల కొట్టు నడుపుతాడు. రోజంతా జనంతో మాట్లాడి వస్తాడు కాబట్టి గొంతులు తనకే బాగా తెలుసని నమ్మకం. కాకిని తిట్టడానికి ఈ జిల్లాలో ఎవరైనా అదే మాట వాడతారని తేల్చేశాడు. మా అత్త ఇంకా తేలిగ్గా కొట్టిపారేసింది.

"దానికి ఫోన్లో అంకెలు నొక్కడం రాదు, ఈడియోలు తీస్తాదేటి? బళ్ళో పిల్లలతోటి అరిసి అరిసి నీకు సెవులు గింగిర్లెత్తిపోతన్నాయే."

నేను ఊరుకోలేదు. మర్నాడు ఆవిడ కానాగంత చేపలు దింపగానే ఒకదాన్ని పట్టుకుని, కన్ను లోపలికి పోయిందే అన్నాను. అంతే అన్నాను. ఛానెల్ మాట ఎత్తలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఆ సానెలామె మాటలింటే ఏ సేపా కొనలేరు టీచరమ్మా. ఐసులో పెట్టేం కదా, సలికి కన్ను ముడుసుకున్నాది."

నేను ఎత్తని మాట ఆవిడ ఎందుకెత్తిందని సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. ఊరంతా ఆ ఛానెల్ చూసి బేరగాళ్ళై కూర్చున్నారు, పాపం చేపలావిడకి ఆ మాత్రం తెలియదా అన్నాడు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడు ఆ వీడియో కింద ఒక ప్రశ్న రాశాను. మా ఇంటికి వచ్చే చేపలావిడ, చలికి చేప కన్ను ముడుచుకుందంటోంది, ఇది నిజమేనా అని. తర్వాతి వీడియో వంజరం పులుసు. మసాలా నూరడం కూడా మొదలుకాకముందే గొంతు గంభీరంగా ఇలా అంది. "ఒక సోదరి అడిగారు. మంచులో ఉంచిన చేప కన్ను ఒక్కోసారి కాస్త లోపలికి పోవచ్చు. పాపం, ఎండలో తిరిగి అమ్ముకునే మనిషిని అనవసరంగా అనుమానించకండి."

నేను సోఫా మీంచి లేచి నిలబడిపోయాను. మా ఆయన మాత్రం ఎంత ధర్మంగా చెప్పిందో చూడు అన్నాడు. మా అత్తయితే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచీ ఆ ఛానెల్‌కి భక్తురాలైపోయింది. ఎంతగా అంటే, మర్నాడు చేపలావిడ ముక్కలు కాస్త పెద్దగా కోస్తే, "ఒసే, ఆ ఫోన్లో తల్లిని సూసి నేర్సుకోవే, ఎంత ముద్దుగా కోస్తాదో" అని చీవాట్లు పెట్టింది. చేపలావిడ తల వంచుకుని, అలాగే నేర్చుకుంటానంది. తల వంచుకున్నది నవ్వు దాచుకోడానికని ఆ గుమ్మంలో నాకొక్కదానికే తెలుసు.

ఒక ఆదివారం మా అత్త పక్కింటివాళ్ళతో శ్రీకూర్మం గుడికి వెళ్ళింది. మా ఆయన కొట్టులో ఉన్నాడు. గుమ్మంలో ఆవిడా నేనూ మిగిలాం. గోడ మీద కాకి వాలగానే ఆవిడ మొదలుపెట్టింది, "ఓలి దీని మొకం మండ." నేను పక్కనే ఫోన్లో ఆ ముక్క పెట్టాను. రెండు గొంతులూ కలిసి "ఎల్లెహె" అన్నాయి. కాకి ఎగిరిపోయింది. ఆవిడ కత్తిపీట మీంచి కాలు తీసింది.

"తలుపెయ్యి టీచరమ్మా" అంది.

లోపల టీ తాగుతూ అంతా చెప్పింది. ప్రభుత్వం సముద్రంలో చేపల వేట ఆపేసిన రెండు నెలలు మొగుడు ఇంట్లో ఖాళీగా కూర్చుని, కొత్త ఫోనుతో తోచక ఆవిడ చేతులు వీడియో తీశాడట. తీసేది అతను, మాట్లాడేది ఆవిడ. ముఖం ఎందుకు చూపించవని అడిగాను.

"సూపిస్తే సంతలో మావోళ్ళు నన్ను బతకనిస్తారేటి? మా గుట్టంతా సెప్పీసింది నానే కదా."

గుట్టు చెప్పడం ఎందుకంటే, మొదట్లో ఉత్త పులుసులే పెట్టిందట, ఎవరూ చూడలేదట. ఒకరోజు పోటీకి వచ్చే ఇంకో చేపలావిడ మీద కోపంతో ఆమె చేసే మోసాలన్నీ చెప్పేసిందట. జనం విరగబడ్డారు. తీరా చూస్తే తను చేసేవి కూడా అవేనని తర్వాత గుర్తొచ్చిందట. బటన్ల ఫోను సంగతి అడిగితే, మీ అత్తమ్మకి సరదా కదా, అందుకే నొక్కించుకుంటానంది.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అది చాలదని ఆవిడ నా నెత్తిన ఒక పని కూడా పెట్టింది. తెలుగు టీచర్ని కాబట్టి వీడియోలో మాటలు చూసి దిద్దాలి. అప్పట్నుంచీ "నెత్తళ్ళను శుభ్రపరచు విధానము" లాంటివి నేనే రాసిస్తున్నాను. ఇంట్లో మాత్రం నా అనుమానం తప్పని ఒప్పుకున్నాను. మా ఆయన ఆ సంగతి కొట్టుకి వచ్చిన రైతులక్కూడా చెప్పాడు.

పోయిన నెల నేను రాసిచ్చిన కాగితం ఆవిడ వెనక్కి ఇచ్చేసింది. ఈ మాటలు నోట్లో ముల్లులా అడ్డం పడుతున్నాయి, ఈసారి మా ఊరి మాటలోనే చెప్తానంది. బయటపడిపోతావని బతిమాలాను, వినలేదు.

వీడియో వచ్చిన సాయంత్రం మా అత్త, మా ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. ఫోన్లో ఆవిడ, ఏ ముసుగూ లేని సొంత గొంతుతో, "సూడండమ్మా, నెత్తళ్ళు కడగడం అంటే ఏటనుకున్నారు" అని మొదలుపెట్టి, కాకిని తిట్టి, మొగుణ్ణి తిట్టి, పులుసు దింపేదాకా మా గుమ్మంలో కూర్చున్నట్టే మాట్లాడింది.

మా అత్త చివరిదాకా శ్రద్ధగా విని, ఫోను పక్కన పెట్టింది.

"పాపం, ఈ తల్లి మన సేపల్దానిలాగ మాటాడాలని సూస్తన్నాది గాని, అంత బాగా రాలేదే."

మా ఆయన అవునన్నాడు. యాస కాస్త అతిగా ఉందన్నాడు.