మొదలు లేని లోకం తరఫున

అమెరికాలో మేముండే మోరిస్‌విల్ ఊరి లైబ్రరీలో నెలకో శనివారం పొద్దున ఒక చర్చావేదిక జరిగేది. ఆ నెల అంశం, పదిహేను వందల ఏళ్ల కిందట గ్రీకు తత్త్వవేత్తలకూ క్రైస్తవ పండితులకూ మధ్య నడిచిన వాదం: విశ్వానికి మొదలుందా, లేదా? లేదన్న గ్రీకుల పక్షం నాకిచ్చారు. ఉందన్న క్రైస్తవుల పక్షం, ఆఫీసులో మా టీమ్‌లోనే పనిచేసే గుంటూరు అన్నకు.

మూడు వారాలు లంచ్ టైమంతా చదువుకే పెట్టాం. మార్పే లేని దేవుడికి ఉన్నట్టుండి లోకం చేయాలని ఎందుకనిపించింది? ఇదీ నా ప్రశ్న. అన్న తనదేమిటో చెప్పలేదు. "అక్కడే వింటావుగా," అని నవ్వేవాడు.

తీరా ఆ రోజు నేను లేచి రెండు వాక్యాలు చెప్పానో లేదో, వేదిక నడిపే అమెరికన్ రిటైర్డ్ టీచరమ్మ చేయెత్తి ఆపింది.

"మీ హిందువులకు యుగాలు తిరుగుతుంటాయట కదా, అది చెప్పండి."

గ్రీకుల గురించి చదివి వచ్చానన్నాను.

"అది పుస్తకాల్లో ఉంటుంది. మీ అనుభవం చెప్పండి."

విశ్వం పుట్టుక గురించి నాకు అనుభవమేముంటుంది! ఒళ్లు మండింది. ఏదో గొణిగి కూర్చున్నాను.

అన్న లేవగానే, "మీ కుటుంబం ఎప్పుడు మతం మారింది?" అని అడిగింది. అన్న మొహం చిన్నబోయింది. "మా ముత్తాతల నాటి సంగతండీ. వాదం చెప్పనా?" అన్నాడు. టైమైపోయిందంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఇంకా మండింది.

పార్కింగ్ లాట్‌లో నా కోపం ఆగలేదు. "ఇందుకా అన్నా మూడు వారాలు ప్రిపేర్ అయ్యాం?"

"వదిలేయ్ రా. నీది నాకు చెప్పు, నేను వింటా."

చెప్పాను. కారుకి ఆనుకుని మొత్తం విన్నాడు.

"పొద్దున్నే లేవాలని రాత్రే డిసైడ్ చేసుకుంటాం. లేచినప్పుడు మనసు మార్చుకున్నట్టా? దేవుడూ అంతే. ఇప్పుడు నాది విను. మొదలే లేకపోతే ఇవాళ్టికి ముందు అంతులేనన్ని రోజులు గడిచుండాలి. వాటన్నిటినీ ఒక్కొక్కటే దాటి ఈ శనివారానికి ఎట్లా వచ్చాం?"

"గడిచిన రోజులు ఇప్పుడు లేవు కదన్నా."

"లేకపోతేనేం? గడిచాయా లేదా?"

అరగంట ఎండలో నిలబడి వెతికినా జవాబు దొరకలేదు. లోపల మమ్మల్ని మాట్లాడనివ్వలేదన్న మంట ఒకటి. మాట్లాడనిచ్చి ఉంటే నలుగురిలో ఓడేది నేనేనన్న ఉక్రోషం ఇంకొకటి. ఆ వారమంతా ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్నాను. మేమిద్దరం మళ్లీ ఆ వేదికకు వెళ్లలేదు.